రాయి తిప్పికొడుతుంది, దూది మింగుతుంది

పిల్లలూ, ఈ నెల మనం కరీంనగరం నుంచి ఆదిలాబాదు దాకా వెళ్ళి వద్దాం. గుళ్ళూ కోటలూ చూడటానికి కాదు, ధ్వని ఎక్కడ ఎలా ఉంటుందో వినటానికి. ఈ ప్రయాణంలో కళ్ళకంటె చెవులకే ఎక్కువ పని.

కరీంనగరం చుట్టుపట్ల గుట్టల్లో గ్రానైటు రాయి దొరుకుతుంది. దీన్ని పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి, రైళ్ళలో కాకినాడ రేవుకు చేర్చి, ఓడలమీద చైనా దాకా పంపారు. సానపట్టిన గ్రానైటు పలకలను ఇళ్ళలో కూడా పరుస్తారు. అలాటి హాలు ఖాళీగా ఉన్నప్పుడు అందులో నిలబడి ఒక్కసారి చేతులు చరచండి. చప్పుడు "టప్" మని ఆగిపోదు, "టంగ్" మంటూ కాసేపు సాగుతుంది. నున్నని రాయి తనను తాకిన ధ్వనిలో నూటికి 95 పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కనక 5 మీటర్ల గదిలో అది సెకనుకు 60, 70 సార్లు గోడలకు కొట్టుకుంటుంది! ఒక మాట మోత అణగకముందే రెండో మాట వచ్చి దానిమీద పడుతుంది. అందుచేతనే అటువంటి హాల్లో రేడియో వార్తలు పెడితే, చెవి కాస్త మందగించిన నాయనమ్మకు చప్పుడు వినబడుతుంది గాని మాట తెలియదు. రేడియో గొంతు పెంచితే మోత కూడా పెరుగుతుంది.

ఇప్పుడు ధర్మపురి దాటి, గోదావరి వంతెన మీదుగా ఆవలి ఒడ్డుకు పోదాం. అది పాత ఆదిలాబాదు జిల్లా. (2016లో ఈ రెండు జిల్లాలనూ విడదీసి కొత్త జిల్లాలు చేశారు.) నల్లరేగడి నేలల్లో ఎక్కడ చూసినా పత్తిచేలు. చలికాలంలో ఆదిలాబాదు మార్కెట్టులో తెల్లని పత్తి కుప్పలు! దూది పోగుల మధ్య లెక్కలేనన్ని సన్నని సందులుంటాయి. ధ్వని అంటే గాలి కదలికే గదా! ఆ సందుల్లో కదిలే గాలి పోగులతో రాసుకుంటుంది, దాని శక్తి కాస్తంత వేడిగా మారిపోతుంది.

ఇలా మెత్తని వస్తువులు ధ్వనిని ఎంత మింగుతాయో లెక్కగట్టినవాడు, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలస్ సాబిన్. 1895లో అక్కడి కొత్త ఉపన్యాసశాలలో ఒక్క మాట మోత 5 సెకన్లకు పైగా నిలిచేది. పాఠం ఎవరికీ అర్థమయేది కాదు. సాబిన్ రాత్రివేళ ఒక నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, కొన్ని కొన్నిగా పరుస్తూ, మోత ఎంతసేపటికి అణగుతుందో గడియారంతో కొలిచాడు. తెల్లవారేలోగా మెత్తలు మళ్ళీ నాటకశాలకు చేరేవి. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది.

అయితే పలచని మెత్తలకు లొంగని ధ్వని ఒకటున్నది. దీపావళి రోజుల్లో ఆదిలాబాదు గోండు గూడేలలో దండారి ఆడతారు. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలు చిందులు వేస్తారు. ఆరుబయట గోడలు లేవు కనక డప్పు దెబ్బ ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. అదే డప్పును ఇంట్లో పెద్ద స్పీకరులో వింటే, గదిలో ఒకచోట "గుమ్" మని అదురుతుంది, మరొకచోట చప్పబడుతుంది. ఎందుకంటే, మంద్రస్వరాల అలలు చాలా పొడుగు. సెకనుకు 34 కంపనాల స్వరానికి అల పొడుగు 10 మీటర్లు. 5 మీటర్ల గదిలో అది సరిగ్గా సగం పట్టి, రెండు గోడల మధ్య ఉయ్యాలలా ఊగుతుంది. 68, 102 కంపనాల స్వరాలూ అంతే. నాలుగంగుళాల పరుపు వీటిని ఆపలేదు.

ఇక్కడ కంప్యూటరు సాయపడుతుంది. "రూమ్ ఈక్యూ విజార్డ్" వంటి ప్రోగ్రాములు ఇందుకే ఉన్నాయి. మనం కూచునే చోట మైకు పెడితే, స్పీకరు మంద్రం నుంచి తారస్థాయి దాకా ఒకే స్వరాన్ని పెంచుకుంటూ పోతుంది. మైకు విన్నదాన్ని కంప్యూటరు గీతగా గీస్తుంది. గీత గుట్టలా లేచినచోట గది ఆ స్వరాన్ని పెంచుతున్నదన్నమాట. ఆ స్వరాన్ని అంతమేరకు తగ్గించి స్పీకరుకు పంపాలి. గీతలోని లోతైన లోయలను మాత్రం పూడ్చబోకూడదు. అక్కడ అలలు ఒకదాన్నొకటి చంపుకుంటూ ఉంటాయి, ఎంత బలం పోసినా చిల్లికుండలో నీళ్ళే! ఒక్కచోట కొలిచి దిద్దితే పక్కచోట చెడవచ్చు. అందుకని నాలుగైదు చోట్ల కొలుస్తారు.

కాని ఎంత మంచి ప్రోగ్రామైనా రాతిగది మోతను మింగలేదు. మాస్టారి గొంతు కంప్యూటరు గుండా పోదు గదా! వెనక బెంచీ పిల్లవాడికి పాఠం అందకపోతే, వాణ్ణి మొద్దని అనకండి. ముందు ఖాళీ తరగతిలో చేతులు చరచి వినండి. మోత సాగితే, గోడకు రెండు దూది బొంతలు వేలాడదీసి మళ్ళీ చరచండి. తేడా మీ చెవులే చెబుతాయి.