వాల్వు యాంపు సౌండు పెట్టెలోంచి రావాలంటే

సంఘం కార్యక్రమాల్లో గిటారు వాయించే పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగేది ఒకటుంది. "తాతా, ఈ మాడలర్ పెట్టెలో మార్షల్ ఉంది, ఫెండర్ ఉంది, వాక్స్ ఉంది. ఏది పెట్టినా నిజం యాంపులాగా లేదే, ఎందుకు?" జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం, మాటల్లో ఆ వాసన తగిలితే సర్దుకోండి.

మా బావ డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ స్నేహితులతో కలిసి బ్యాండులో వాయించాడు. ఆయన యాంపు ఒక రేడియో మెకానిక్ కట్టింది. మైక్‌సెట్లలో వాడే ఈఎల్34 వాల్వులు రెండు అందులో. దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆపైన సొంత ఇల్లు వదిలి ఫ్లాటుకు మారాడు. పక్కవాళ్ళు గోడ తట్టే చోట వాల్వు యాంపు ఎలాగూ కుదరదు. గిటారు అటక ఎక్కింది. మనవడు మాడలర్ కొనిస్తే పది నిమిషాలు వాయించి, "ఇందులో ప్రాణం లేదయ్యా, రేకు డబ్బాలో కందిరీగలు" అని పక్కన పెట్టేశాడు. ఆ పెట్టెను ఆయన చెవికి సరిచేయడానికి మేమూ మనవడూ రెండు నెలలు కూర్చున్నాము. అందులో తెలిసింది చెప్తాము.

వాల్వు యాంపులో జరిగేది ఇది. గిటారు నుంచి వచ్చే బలం లేని సిగ్నల్‌ను 12ఏఎక్స్7 లాంటి చిన్న వాల్వు పెంచుతుంది. తర్వాత పెద్ద వాల్వు స్పీకరును నడుపుతుంది. మార్షల్‌లో ఎక్కువగా ఈఎల్34, ఫెండర్ పెద్ద యాంపుల్లో 6ఎల్6, వాక్స్ ఏసీ30లో ఈఎల్84. గట్టిగా మీటితే వాల్వు శక్తి చాలక అల తలను మెల్లగా నొక్కేస్తుంది. ఏసీ30 లాంటి వాటిలో రెక్టిఫయర్ కూడా వాల్వే కాబట్టి, గట్టిగా మీటిన క్షణం వోల్టేజి కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది. వేలికి తెలిసే ఆ మెత్తదనాన్నే మా బావ ప్రాణం అన్నది.

ఈ లెక్కంతా 1998లో లైన్ 6 వాళ్ళ పాడ్ వచ్చినప్పటి నుంచి చిప్పులు చేస్తూనే ఉన్నాయి. 2011లో వచ్చిన కెంపర్ అయితే నిజం యాంపుకే పరీక్ష సిగ్నల్ పంపి దాని నడతను పట్టుకుంటుంది. ఇప్పటి పెట్టెల్లో వాల్వు లెక్క బాగానే ఉంటుంది. తేడా వచ్చేది స్పీకరు దగ్గర.

గిటారు యాంపులో ఉండేది చాలావరకు 12 అంగుళాల కాగితపు కోన్ స్పీకరు. 5000 హెర్ట్జ్ దాటితే దాని గొంతు బాగా తగ్గిపోతుంది. వాల్వు గరగరను నునుపు చేసేది అదే. మాడలర్‌లో ఆ పని చేసే భాగం పేరు క్యాబ్. హెడ్‌ఫోన్‌కో మైక్‌సెట్‌కో కలిపితే క్యాబ్ ఆన్‌లో ఉండాలి, లేకుంటే కందిరీగలే. గిటారు స్పీకరున్న యాంపుకు వెనక నుంచి కలిపితే ఆఫ్ చేయాలి. స్పీకరు మీద స్పీకరు పడితే కంబళి కప్పి వాయించినట్టు ఉంటుంది.

ఇంకొకటి. క్యాబ్ వినిపించేది స్పీకరుకు అంగుళం రెండంగుళాల దూరంలో పెట్టిన మైకు విన్న సౌండు. మా బావ విన్నది యాంపు ముందు నిలబడి, మోకాలి ఎత్తులోంచి వచ్చి గోడలకు తగిలిన సౌండు. పెట్టె మొదటిదాన్ని ఇస్తుంది, మనం రెండోదాన్ని అడుగుతాము.

అందుకని పేర్లు చూసి యాంపులు మార్చడం మాని, క్యాబ్‌లు మార్చి చూశాము. మైకు కోన్ నడిమధ్యకు ఉంటే సౌండు గుచ్చుతుంది, అంచుకు జరిపితే మెత్తబడుతుంది. తర్వాత 80 హెర్ట్జ్ కిందది, 6000 హెర్ట్జ్ పైది కోసేశాము. గెయిన్ సగానికి తగ్గించి మాస్టర్ వాల్యూమ్ పెంచాము, పెద్ద వాల్వులకూ పని పడాలి కదా. హెడ్‌ఫోన్‌లో వినేటప్పుడు చిన్న గది రివర్బ్ కొంచెం కలిపాము. సాగ్ అని ఉన్న నాబ్‌ను అన్నిటికన్నా చివర ముట్టుకున్నాము.

ముఖ్యమైన మాట, ఎంత గట్టిగా వాయిస్తామో అంత గట్టిగా పెట్టి సరిచేయాలి. సౌండు తక్కువగా ఉంటే మన చెవికి బేసూ ట్రెబులూ తగ్గి వినపడతాయి. ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్ళు 1933లోనే దీన్ని కొలిచి చెప్పారు. రాత్రిపూట మెల్లగా పెట్టి తియ్యగా చేసుకున్న సౌండు హాలులో పెంచేసరికి చెవులు కోస్తుంది. కచ్చేరి రోజు మన పిల్లలు పడే అవస్థ ఇదే.

సరిపోయిందో లేదో స్క్రీన్ చెప్పదు. మా బావ పరీక్ష ఒకటే. గిటారు మీది వాల్యూమ్ పదిలో పెట్టి మీటితే గరగరమనాలి, నాలుగుకు తగ్గిస్తే తేటగా మోగాలి. రెండో నెలలో ఒక సాయంత్రం నాబ్ తగ్గించాడు, తేటగా మోగింది. మళ్ళీ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. మాతో ఒక్క మాట అనలేదు. రాత్రి తొమ్మిది దాకా వాయిస్తూనే ఉన్నాడు. అక్క రెండుసార్లు కాఫీ వేడిచేసింది.

అచ్చం అదేనా అని అడిగితే కాదంటాడు. కాళ్ళకు తగిలే ఆ గాలి లేదంటాడు. నిజమే, హెడ్‌ఫోన్ దాన్ని ఇవ్వలేదు. కానీ గిటారు మళ్ళీ అటక ఎక్కలేదు.

పిల్లలకు మేము చెప్పేది ఇంతే. ఆ యాంపుల పక్కన నిలబడి విన్నవాళ్ళు మన కుటుంబాల్లో ఇంకా కొందరున్నారు. అందరికీ వయసైంది, చెవులు మందగిస్తున్నాయి. పెట్టె తీసుకుని వాళ్ళ దగ్గర కూర్చోండి. నాబ్ మీరు తిప్పండి, ఎలా ఉండేదో వాళ్ళను చెప్పనివ్వండి. పెద్దవాళ్ళకు పై ట్రెబుల్ సరిగా వినపడదు కాబట్టి, ఆ పైకోత ఒక్కటి మాత్రం మీ చెవితో చూసుకోండి.