ఉసిళ్లు తిన్న రాత్రి

మా హాస్టల్‌ల జరిగిన ముచ్చట ఒకటి రాస్తున్నాం. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

మేము ముగ్గురం, ఒకటే రూం. ఇద్దరం ఏటూరునాగారం దిక్కు, ఒకరు చర్ల దిక్కు. ముగ్గురం కోయోళ్లమే, మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కానీ ఇరవై ఏండ్లొచ్చినా ఒక్కసారి కూడా ఉసిళ్లు తినలేదు. నమ్మరు కదా! కారణం చిన్నదే. మూడో తరగతిలోనే ఆశ్రమ పాఠశాలల వేసిండ్రు. తొలకరికి పుట్టల్లోంచి ఉసిళ్లు లేచేది జూన్‌ల, బడి తెరిచేది కూడా జూన్‌లనే. అమ్మమ్మ పుట్ట కాడ దీపం పెట్టి పట్టే రోజుల్లో మేము ప్రేయర్‌ లైన్ల నిలబడి ఉన్నాం.

ఈసారి సికింద్రాబాద్‌ల మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి కారిడార్ ట్యూబ్‌లైట్ నిండా ఉసిళ్లు. అందరూ లైట్లార్పి తలుపులేసుకుంటుంటే, మెస్‌ల వంట చేసే పాలమూరు అక్క టబ్బుల నీళ్లు పోసి లైటు కింద పెట్టింది. "అడవి దిక్కు పిల్లలు, మీకే తెల్వదా?" అని నవ్వింది. నిజంగా సిగ్గయింది.

నీళ్లల్ల పడ్డవాటిని వడగట్టి, కడాయిల నూనె లేకుండా వేయించింది. వాటి కొవ్వే చాలంట. రెక్కలు చాటతో చెరిగి ఉప్పు, కారం, పిడికెడు పేలాలు కలిపింది. ముందు ఎవరం చెయ్యి పెట్టలే. క్లాసుల ఒకడు "పురుగులు తినేటోళ్లు" అన్న మాట ఇంకా చెవుల్లనే ఉంది. తినకముందే పడ్డ మాట, ఇగ తింటే పోయేదేముంది అని నోట్లేసుకున్నాం. కరకరలాడినయి. లోపల వేయించిన పల్లీ లెక్క, చివరికి ఎండు రొయ్యల రుచి. రెండోసారి ఎవరూ పిలవాల్సిన పని లేకుండె. (రొయ్యలు పడనోళ్లు జాగ్రత్త, ఇవి కూడా పడకపోవచ్చు.)

పక్క రూం అతను వీడియో తీసి క్లాస్ గ్రూపుల పెట్టిండు. కింద అన్నీ నవ్వు బొమ్మలే. జవాబుగా పెద్ద మెసేజ్ టైప్ చేసినం: ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ 2013 రిపోర్టుల మనుషులు తినే కీటకాలు 1,900 రకాలకు పైనే అని ఉంది, ఒడిశా మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024ల జీఐ గుర్తింపు వచ్చింది అని. పంపేలోపు మాలో ఒకరు ఆపిండ్రు. "ఎవరో కాగితం ఇస్తేనే మన తిండి తిండి అయితదా?" చాలాసేపు వాదించుకున్నాం. ఆఖరికి అంతా చెరిపి, ఖాళీ గిన్నె ఫొటో పెట్టి "మళ్లీ వాన పడితే రండి" అని రాసినం. ఇద్దరు వస్తామన్నరు.

తెల్లారి అమ్మమ్మకు ఫోన్ చేసినం. రెక్కలు మంచిగ చెరిగిండ్రా అని అడిగింది. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్నది: "మీ కోసం ఏటేటా ఎండబెట్టి దాచేదాన్ని బిడ్డా. దసరా సెలవులకు మీరొచ్చేసరికి పురుగు పట్టేది."