గింజల ప్రయాణం

ఆ ఆదివారం ఉదయం మా చిన్నమ్మాయి బడి పుస్తకం తెచ్చి మా ముందు పెట్టినది. గింజలు ఎట్లా వ్యాపిస్తాయి అని పాఠం. గాలి, నీరు, జంతువులు, కాయ తనంతట తాను పగలడం అని నాలుగు మార్గాలు. ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణలు వ్రాసి, గింజలు అంటించి తీసుకొని పోవాలట. గాలికి అప్పుడే ‘మేపుల్’, ‘డాండిలయన్’ అని వ్రాసివేసినది. “ఈ చెట్లు ఎక్కడ చూచినావే?” అంటే “పుస్తకంలో” అన్నది.

మేము చదివినది మెట్రిక్యులేషన్ వరకే. గుమాస్తా పనికి వృక్షశాస్త్రంతో నిమిత్తం లేదు. అయినా బెంగుళూరులో పుట్టి పెరిగినవాళ్ళము. నాలుగు చెట్లు తెలియకపోతాయా? పాత కవరు ఒకటి చేతబట్టుకొని తండ్రీకూతుళ్ళం బయలుదేరినాము.

దూరం పోనక్కరలేకపోయినది. పెరటిలోనే మునగచెట్టు. ఎండి చీలిన కాయ విప్పితే, గింజ గింజకూ కాగితంవంటి మూడు రెక్కలు. మిద్దె మీదినుంచి వదిలితే గిరగిర తిరుగుతూ పోయి పక్కవారి వాకిట్లో పడినది. “నుగ్గెకాయ గింజకు రెక్కలుంటాయా? సాంబారులో ఎప్పుడూ చూడలేదే!” అన్నది. సాంబారులో వేసేది లేతకాయ గదా! వీధి చివర ఖాళీ స్థలంలో జిల్లేడు కాయ పగిలి, పట్టుకుచ్చులు కట్టుకొన్న గింజలు ఎగిరిపోతూ ఉన్నవి. గాలి పద్దు పూర్తి.

నీటికి కొబ్బరికాయ చాలును. మనం ఒలిచి పారవేసే పీచే దానిని నీటిమీద తేల్చేది. లోపలి కొబ్బరీ నీళ్ళూ మొలకకు దారి బత్తెం. మా ఆఫీసులో ప్రయాణపు బత్తా నెలలు గడిచినా చేతికి రాదు. కొబ్బరిచెట్టు మాత్రం బిడ్డకు ముందుగానే మూటకట్టి పంపుతుంది.

జంతువుల సంగతి మరీ వింత. మామిడిపండు తీపి మనమీద ప్రేమతో వచ్చినది కాదు. టెంక మోయవలసిన సరుకు, కండ మోతకూలి. లోపలి గింజ ముదిరేదాకా కూలి చేతికి ఇవ్వదు, కాయ పుల్లగా ఉంటుంది. రావిపండు తిన్న కాకి ఎక్కడో గోడమీద రెట్ట వేస్తుంది. పగులులో రావిమొలక లేస్తుంది. ఆముదపు గింజ మొనమీద మెత్తని బుడిపె ఒకటి ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు ఈడ్చుకొని పోయి, బుడిపె తిని గింజను వదలివేస్తాయి. ఆ ఆముదపు కాయే ఎండకు టప్పున చిట్లి గింజలను దూరంగా విసురుతుంది కూడాను. కనుక నాలుగవ పద్దులోనూ దానినే వ్రాసుకొన్నాము.

కూలి ఇవ్వకుండా బండి ఎక్కేవీ ఉన్నవి. ఇంటికి వచ్చి చూచుకొంటే మా పంచె అంచు నిండా ఉత్తరేణి ముళ్ళు! వినాయకచవితి పత్రిలో భక్తితో వెదికేదీ దానినే, విసుక్కొంటూ పీకి పారవేసేదీ దానినే.

“తల్లిచెట్టు కిందనే పడితే ఏమి?” అని అమ్మాయి అడిగినది. పెద్దచెట్టు నీడలో పిల్లమొక్కకు ఎండ అందదు, వేళ్ళ పోటీలో నీరు అందదు, పురుగూ తెగులూ తల్లినుంచి సులువుగా అంటుతాయి. అందుకే పంపించివేస్తుంది అన్నాము. చెబుతూ ఉంటే, నాలుగు తరాల వెనుక చిత్తూరు వైపునుంచి మూటాముల్లెతో వచ్చిన మా పెద్దలు గుర్తుకు వచ్చినారు.

తరువాత పేర్లు వ్రాయవలసి వచ్చినది. నుగ్గె మునగ, ఎక్క జిల్లేడు, హరళు ఆముదం, అరళి రావి. ఉత్తరేణి ఒక్కటి కన్నడంలోనూ ఇంచుమించు ఉత్తరాణే. చివరకు దారిలో ఏరిన నల్లని పొడుగుకాయ మిగిలినది. లోపల తియ్యని జిగురు గుజ్జు; పశువులు తింటే గింజలు పేడలో పోయి మొలుస్తాయి. కన్నడంలో మళెమర. తెలుగులో? మాకు నోట మాట లేదు.

మా అమ్మకు చూపించినాము. ఆమెకు ఎనభై దాటినవి. ఈమధ్య మరపు ఎక్కువయినది; మనుమరాలిని మా చెల్లెలి పేరుతో పిలుస్తుంది, తిన్న అన్నం తినలేదంటుంది. కాయను తడిమి, వాసన చూచి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చినది. మా మనస్సు చివుక్కుమన్నది. మాకు తెలిసిన చెట్ల పేర్లన్నీ ఆమె నోటినుంచి వచ్చినవే. ఇక ఎవరిని అడిగేది?

దీపాలవేళ అమ్మ వసారాలో కూర్చుని వీధి మలుపులోని ఆ చెట్టువంకే చూస్తూ ఉన్నది. ఉన్నట్టుండి, “నిద్రగన్నేరు, నాయనా! చూడు, పడుకొంటున్నది” అన్నది. నిజమే, ఆకులు రెండేసి చేతులు మూసినట్లు ముడుచుకొంటున్నవి. దక్షిణ అమెరికా వైపునుంచి సముద్రాలు దాటి వచ్చిన చెట్టు అది. ఎవరో తెలుగువారు దాని నిద్రను కనిపెట్టి చూచి, మన పేరు పెట్టి మనలో కలుపుకొన్నారు.

అమ్మాయి పరుగున పెన్సిలు తెచ్చినది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుందేగాని వ్రాయడం రాదు. ఆ లోపం మాదే. చేయి పట్టుకొని ‘నిద్రగన్నేరు’ అని వ్రాయించినాము. ‘ద్ర’ దగ్గర మూడుసార్లు చెరిపినది. మేపుల్, డాండిలయన్ కొట్టివేసి మునగ, జిల్లేడు అని తానే అడిగి వ్రాసుకొన్నది.

సంఘ సోదరులారా, మీ ఇళ్ళలోనూ పెద్దలు ఉంటారు. వారానికి ఒక చెట్టు పేరు అడిగి పిల్లలచేత వ్రాయించండి. మోసేవారు లేక రాలినచోటనే ఉండిపోయిన గింజకు ఎదుగుదల లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ మనుమరాలిని మళ్ళీ మా చెల్లెలి పేరుతోనే పిలిచినది. అది సరిదిద్దలేదు. “వస్తిని అవ్వా” అని పోయి పక్కన కూర్చున్నది.