వెల్డింగ్ చేసేసిన డబ్బా

ఎడమ మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న క్లచ్ తొక్కలేకపోతున్నారని సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొన్నాను. ఏడాది తిరక్కుండానే గేర్లు స్లిప్ అవడం మొదలైంది. గేర్‌బాక్స్ విప్పితే లోపల క్లచ్ ప్లేట్లు మాడిపోయి ఉన్నాయి.

"సామాన్లన్నీ కొత్తవి వేస్తున్నం. టార్క్ కన్వర్టర్ పాతదే పెట్టాల్నా, మార్చాల్నా, మీరే చెప్పుండ్రి సార్," అన్నాడు మెకానిక్.

ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది అదే. లోపల ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు, నడుమ స్టేటర్, ఒక లాకప్ క్లచ్. చుట్టూ వెల్డింగ్. విప్పి చూసే వీల్లేదు. బయటినుంచి తెలిసేవి కొన్నే. హబ్ మీద సీల్ ఆనే చోట గాడి పడలేదు. వేలు పెట్టి స్టేటర్ పళ్లని తిప్పితే ఒకవైపు తిరిగింది, రెండోవైపు పట్టేసింది. అలాగే ఉండాలి. టెస్టులు పాసయ్యాయి కదా, ఆఫీసులో అయితే రిలీజ్ చేసేసేవాణ్ణి.

అతను దాన్ని ట్రేలోకి వంపాడు. నల్లటి ఆయిల్లో వెండి పొడిలా మెరుపు.

"కడిగితే పోదా?"

"పోయిందని మీకెట్ల తెలుస్తది? మిగిలింది పోయి కొత్త ప్లేట్లల్ల, వాల్వ్ బాడీల పడ్తది."

సగం చదివిన పుస్తకాల మీద నేను రాసిన తీర్పులు గుర్తొచ్చాయి. అవి తప్పయితే ఇంకో వ్యాసం రాసుకోవచ్చు. ఇది తప్పయితే నాన్న ఫ్లైఓవర్ మధ్యలో ఆగిపోతారు.

కోసి, శుభ్రం చేసి, మళ్లీ వెల్డ్ చేసి బ్యాలెన్స్ చేసినదొకటి తెప్పించాం. పాతదాని లోపల నిజంగా ఎంత పాడయిందో నాకిప్పటికీ తెలీదు. "అదే బాగుండేదేమోరా, డబ్బులు దండగ," అంటూనే నాన్న రోజూ పొద్దున్నే కారు తీస్తున్నారు.