మాస్టారు ఏ ఊరివారు?



బడి మంచిదో కాదో తెలిసికొనుటకు పై అధికారులు వచ్చినప్పుడు గోడలను చూతురు, హాజరుపట్టీ చూతురు, వంటగదిలోని బియ్యపు బస్తాలను లెక్కింతురు. మా కొండలలోని తల్లులకు ఇవి మొదటి ప్రశ్నలు కావు. క్రొత్త పంతులు వచ్చెనని వినగానే వారు అడుగునది ఒక్కటే: "మాస్టారు ఏ ఊరోడు?"

ఇది ఊసుపోని మాట యని మీరు తలంచకుడి. ఆ చిన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు దాగియున్నవి. ఈ మనిషి రాత్రి ఇక్కడ పండుకొనునా, లేక సాయంత్రపు జీపుకే దిగిపోవునా? మా ఇంటి రాగిఅంబలి త్రాగునా? నా బిడ్డ కడుపునొప్పి అని తన మాటలో చెప్పినయెడల ఇతనికి తెలియునా? ఈ మూడును తెలిసిన పిమ్మటనే తల్లి తన బిడ్డను బడికి పంపును. డిగ్రీ సంగతి తరువాత.

నేను అరకులోయకు పైనున్న ఒక పల్లెలో పుట్టితిని. మా ఇంటి భాష ఆదివాసీ ఒడియా. ముప్పదియేండ్లకు పైగా ఈ కొండలలోనే బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నాను. నాకు అక్షరములు చెప్పిన మొదటి మాస్టారు మైదానమునుండి వచ్చినవాడు. బొమ్మ చూపి ఇదేమి అని అడుగగా మేమందరము "గాయ్" అంటిమి. ఆయన "ఆవు" అనెను. మరునాడు అడిగిరి, మేము మరల "గాయ్" అంటిమి. మేము తప్పు చెప్పలేదు, ఆయనయు తప్పు చెప్పలేదు. అయినను ఆ సంవత్సరమంతయు మేము తెలివితక్కువవారమని ఆ బడిలో పేరు పడినది. ఆయన దయగలవాడే. వానకాలములో చలిజ్వరము పట్టుకొనగా ఊరివారు కావడిమీద రోడ్డువరకు మోసికొనిపోయిరి, తిరిగి రాలేదు. తరువాత వచ్చినవాడు సోమవారము మధ్యాహ్నము కనబడి గురువారమునకే మాయమగుచుండెను. అతని నెలజీతమునకు మాత్రము సెలవు ఉండెడిది కాదు. ఆ బడి పేరు ఇక్కడ అక్కరలేదు. మన్యములో ఆ కథ ఎరుగని ఊరు తక్కువ.

మైదానములోని సంఘములవారు మమ్మును చూచి "గిరిజనులు" అని ఒక్క మాటలో ముగింతురు. వచ్చి చూచినగాని తెలియదు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, కోందులు, పోర్జాలు, గదబలు, ఇంకను పెక్కుమంది ఒక్క సంతలోనే కలిసికొందురు. ఆ సంతలో దాహమైనవాడు తెలుగులో నీళ్లు అనును. ఆదివాసీ ఒడియాలో పాని అనును. కోందుల కువి భాషలో ఏయు అనును. గదబల పాత భాషలో డా అనును. కుండ ఒక్కటే, నీరు ఒక్కటే. బడిలో మాత్రము ఒక్క మాటకే మార్కులు!

పిల్లవాని భాషను పంతులు నేర్చుకొనుట అను మాట వచ్చినప్పుడు నాకు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు జ్ఞాపకము వచ్చుదురు. శ్రీముఖలింగము దాపున పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆయన పుట్టిరి. ఆ దినమునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. వాడుక భాషకొరకు పోరాడినవారని బడిపిల్లలందరికి తెలియును. (ఈ పుటలలో మనము వ్రాసికొను భాషను చూచినయెడల ఆయన ఏమనియుందురో!) కాని ఆయన బ్రదుకులోని రెండవ సగము మా కొండలకు చెందినది. చిన్నతనముననే తండ్రి పోగా, 1880లో నెలకు ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడైరి. ఆ పట్టణమునకు సవరలు కొండదిగి వచ్చుట చూచి, వీరికి చదువు చెప్పవలెనన్న మొదట వీరి మాట నేర్వవలెనని నిశ్చయించుకొనిరి. ఎవరియొద్ద నేర్చుకొనిరి? తెలుగును సవరయు రెండును వచ్చిన ఒక దళితుని తన ఇంటనే ఉంచుకొని, అతనియొద్ద నేర్చుకొనిరి. ఆ కాలమున ఒక బ్రాహ్మణ పండితుని ఇంట అది చిన్న సంగతి కాదు. పండితునికే గురువైన ఆ మనిషి పేరు నేను చదివిన ఏ పాఠ్యపుస్తకములోను కనబడలేదు.

తరువాత ఆయన సవర భాషలో పుస్తకములు వ్రాసిరి. తన చేతి సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషికము ఇయ్యబోగా, ఆ డబ్బుతో ఒక మంచి బడి పెట్టి స్థిరముగా నడపుడని అనిరట. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చైనవి. కొండలలో తిరుగునప్పుడు పట్టిన విషజ్వరమునకు క్వినైను వాడినందున ఆయనకు చెవుడు వచ్చి జీవితాంతము విడువలేదు. నాకు చదువు చెప్పిన మొదటి మాస్టారును కొండ జ్వరము వెనుకకు పంపినది. రామమూర్తి గారికి వినికిడి పోయినది గాని ఆయన వెనుకకు పోలేదు. ఇద్దరిని పోల్చి ఒకనిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. జ్వరము జ్వరమే.

తెలుగుదేశమునకు ఆ కొసన ఆదిలాబాదు అడవులలోను ఇట్టిదే జరిగెను. 1940లో జోడేఘాటునొద్ద కుమురం భీము చంపబడిన పిమ్మట, గోండుల కష్టములకు కారణము తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్ర పండితుని నియమించెను. ఆయన వియన్నా నగరపు మనిషి. మార్లవాయి అను గోండు పల్లెలో గుడిసె వేసికొని ఉండి, 1943లో అక్కడనే పంతుళ్ల శిక్షణ కేంద్రమును ఆరంభించెను. చదువు చెప్పుటకు పట్నమునుండి ఎవరిని రప్పింతుమని ఆయన వెదకలేదు. గోండు యువకులనే కూర్చుండబెట్టి, గోండి భాషలో వాచకములు చేయించి, వారినే పల్లె బడులకు పంపెను. ఎక్కడనుండియో వచ్చిన మనిషి చేసిన మేలు ఏమనగా, ఇక ఎక్కడనుండియో మనిషి రానక్కరలేకుండ చేయుట.

మన సంఘముల చరిత్రయు దీనికి దూరము కాదు. మైదానపు పల్లెలలో మిషను బడులు పెట్టినప్పుడు చెట్టుక్రింద కూర్చుండి అక్షరములు దిద్దించిన పంతుళ్లలో అనేకులు ఆ మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను పుట్టినవారే. పగలు బడి, సాయంత్రము ప్రార్థన, నడుమ ఎవరికైన దరఖాస్తు వ్రాసి పెట్టుట; ఇల్లు మాత్రము ఆ పేటలోనే. పెంతెకొస్తు దినమున జనులు ఆశ్చర్యపడినది బోధకులు గొప్ప చదువు చదివినవారని కాదు. గలిలయవారి నోట తమ తమ మాటలు విన్నందునగదా.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. మన్యపు బడులకు పంతుళ్లు రారు, వచ్చినను నిలువరు అను బాధను చూచి, 1986లోనే ప్రభుత్వము స్థానిక గిరిజనులకు ఈ ఉద్యోగములిచ్చుటకు ఉత్తరువు తెచ్చెను. అది కోర్టులలో నలిగినది. మరల 2000వ సంవత్సరము జనవరి 10న జీ.వో. 3 వచ్చెను. షెడ్యూల్డు ప్రాంతములలోని బడులలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే. స్థానికుడనగా ఎవరు? 1950 జనవరి 26 నుండి తానుగాని తన తలిదండ్రులుగాని ఆ జిల్లాలోని షెడ్యూల్డు ప్రాంతములోనే ఎడతెగక నివసించుచున్నవారు. అంతకు ముందు గొడ్లు కాయుటకు పోయిన ఇండ్లలోనుండి టీచరమ్మలు బయలుదేరిరి. నాతోకూడ పనిచేసినవారిలో వారు అనేకులు. ఇటుకల పండుగ దినములలో పిల్లలు ఎందుకు రారో వారికి ఎవరును చెప్పనక్కరలేదు. వారును ఆ పండుగకు పోవువారే.

2020 ఏప్రిల్ 22న సుప్రీముకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఉత్తరువును కొట్టివేసెను. నూటికి నూరు పాళ్లు ఒకరికే ఇచ్చుట రాజ్యాంగమునకు సమ్మతము కాదనిరి. గిరిజనులకు గిరిజనులే బోధింపవలెననుట సరియైన తలంపు కాదనియు అనిరి. అప్పటికే ఉద్యోగములలో ఉన్నవారిని మాత్రము షరతులతో నిలిపిరి. తరువాతి సంవత్సరములలో పాడేరు, అరకు వీధులలో ఊరేగింపులు, బందులు జరిగినవి.

మా అన్న కుమార్తె ఆ తీర్పునకు ముందే పంతులు శిక్షణ పూర్తిచేసినది. మా పల్లె ఆడపిల్లలలో అంతవరకు చదివినది ఆమె ఒక్కతె. కాఫీతోటలో పండ్లు కోయుచునే పుస్తకము పట్టుకొనెడిది. తీర్పు వచ్చిన దినమున ఏడ్వలేదు. "బాబాయీ, నేను బడి కోసం చదివానా, కేసు కోసం చదివానా?" అని మాత్రము అడిగినది. నాయొద్ద జవాబు లేకుండెను.

నేను ఆమె పక్షము వహించుట సహజమే. అయినను నిజము చెప్పవలెను. కొండలో పుట్టినంతమాత్రమున ప్రతి కొండబిడ్డ మాట రాదు. తెలుగు మాట్లాడు ఇంటిలో పెరిగిన గిరిజన పంతులును కోందుల పల్లెకు పంపిరి. "ఏయు" అని పిల్లవాడు ఏడ్చుచుండగా ఆయన నాకు కబురు పంపెను. అతడును ఆ ఊరికి పరదేశియే. మరొకచోట విజయనగరమువైపునుండి వచ్చిన ఒక టీచరమ్మ రెండేండ్లలో కువి నేర్చి, ఆ ఊరి ముసలమ్మలతో కలిసి థింసా ఆడినది. బదిలీ అయినప్పుడు ఊరివారు ఆమె సామాను ఇయ్యక పట్టుపట్టిరి. 2004 ప్రాంతమున ప్రభుత్వమువారు కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ మొదలగు ఎనిమిది భాషలలో తెలుగు లిపితో వాచకములు చేయించినప్పుడు మాకెంతో ఆశ కలిగెను. అయితే ఆ వాచకము ఉన్న బడికి ఆ భాష వచ్చిన పంతులే వచ్చునను నియమము ఏది? వాచకము బీరువాలో ఉండి, పంతులు తెలుగులో చెప్పిన బడులను నేను చూచితిని.

ఇప్పుడు ఏకలవ్య ఆదర్శ ఆశ్రమ పాఠశాలలు వచ్చినవి. మంచి భవనములు, ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు చదువు. 2023లో ఢిల్లీ నుండి దేశమంతటికి ఒక్క పరీక్ష పెట్టి ప్రిన్సిపాళ్లను, ఉపాధ్యాయులను తీసికొనిరి. దానిలో హిందీ తెలిసియుండవలెనను షరతు కలదు. పిల్లల భాష తెలియవలెనను షరతు లేదు. ఉత్తరదేశపువారు అనేకులు తెలుగు ప్రాంతములకు వచ్చిరి. అట్టి ఒక యువతి నాకు అరకు బస్సులో తటస్థపడినది. ఆమెకు తెలుగు రాదు, పిల్లలకు హిందీ రాదు, ఇద్దరి నడుమ కొంచెము ఇంగ్లీషు. రాత్రి పిల్లలు ఏడ్చినప్పుడు ఏమి చేయుదువని నేను అడుగగా, కొంతసేపు ఊరకుండి, వంటమనిషిని పిలుతునని చెప్పెను. ఆమెను తప్పు పట్టుటకు నాకు మనసు రాలేదు. ఇల్లు విడిచి అంత దూరము వచ్చిన ఆడబిడ్డ. రాత్రి ఆమెకును ఏడుపు వచ్చునేమో. కాని ఆ ఆశ్రమములో తల్లి మాట తెలిసినది ఆ వంటమనిషికే! ఆమెకు జీతము ఎంత, చదువుచెప్పువారి జీతమెంత?

మా అన్న కుమార్తెకు ఇంకను ఉద్యోగము రాలేదు. సాయంత్రములయందు మా గుడి వరండాలో పదునెనిమిదిమంది పిల్లలను కూర్చుండబెట్టుచున్నది. వారిలో ఏడుగురు పైపల్లె కోందుల బిడ్డలు గనుక ఆ ఊరి అవ్వనొకతెను కూడ రమ్మని, ప్రక్కన చాప వేసినది. ముందు అవ్వ కువిలో చెప్పును, తరువాత ఈమె తెలుగులో వ్రాయును. క్రిందటి వారము నేను పోయినప్పుడు పలకమీద ఒకే వరుసలో నీళ్లు, పాని, ఏయు అని ఉన్నవి. గదబల మాట ఎవరికి తెలియును అని ఆమె అడుగగా, వెనుక కూర్చున్న ఒక పిల్లవాడు మా తాతకు తెలుసును అని లేచి పరుగెత్తెను.