అన్నీ సక్రమంగా అందినవి

జవహర్‌నగర్‌లో మా ఇంటినుండి పెద్ద రోడ్డుకు వచ్చే దారిలో పాతసామాను కొట్లు వరుసగా ఉంటాయి. మహానగరం పారవేసిన చెత్తను మోసే గుట్ట ఈ ఊళ్ళోనే ఉన్నది గనుక, ఏరుకొని బ్రతికేవారికీ, ఏరినది కొనేవారికీ ఇక్కడ కొదువ లేదు. మొన్నొక ఉదయం అటువంటి కొట్టు ముందు పాత కంప్యూటర్ తెరలు ఏడెనిమిది ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. వెనుక గూనివంటి ఉబ్బు ఉండే ఆ కాలపు తెరలు. అవి ఏ కచేరీవో, ఏ బడివో నాకు తెలియదు. కాని వాటిని చూడగానే నా ఉద్యోగజీవితంలో నేను చేసిన రెండు సంతకాలు గుర్తుకు వచ్చాయి. ఆ రెంటినీ గురించి ఎవరికైనా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

2008లో నేను శామీర్‌పేట ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఆ సంవత్సరమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్యను తెచ్చే పథకం అమలులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో ఆరంభించిన పథకం దానికి ఆధారం. అయితే ప్రభుత్వం ఆ యంత్రాలను మనం అంగట్లో బియ్యం కొన్నట్లు కొనలేదు. ‘బూట్’ అనే పద్ధతిని అనుసరించింది. కంపెనీయే గదిని సిద్ధం చేసి, యంత్రాలు బిగించి, అయిదేళ్ళు తన సొత్తుగానే ఉంచుకొని నడిపి, గడువు తీరాక బడికి అప్పగించాలి. పాఠం చెప్పే బోధకులు కూడా కంపెనీ మనుషులే. ప్రభుత్వం సొమ్మును వాయిదాలలో చెల్లిస్తుంది.

ఆలోచన చెడ్డది కాదు. అంతకుముందు బడికి వచ్చిన పరికరాలు ఒకసారి పాడైతే బాగుచేయించే దిక్కులేక బీరువాలలో నిద్రపోయేవి. అమ్మినవాడే అయిదేళ్ళు కాపు కాయాలనడంలో వివేకం ఉన్నది.

టెండర్ల విషయంలోనూ మన రాష్ట్రం అప్పటికే ఒక మంచి పని చేసింది. పూర్వం టెండరు పెట్టెలో కాగితం వేయాలంటే కచేరీ గుమ్మం దాటాలి. గుత్తేదారులు జట్టుకట్టి కొత్తవాణ్ణి ఆ గుమ్మం దగ్గరే ఆపేవారు. 2003 జనవరిలో ఎలక్ట్రానిక్ టెండర్లు మొదలయ్యాక గుమ్మం అడ్డగించే పని లేకుండా పోయింది. ఎక్కడ కూర్చున్నవాడైనా ధర పంపవచ్చు. దేశంలో ఈ మార్గం తొలుత తొక్కిన రాష్ట్రాలలో మనదొకటి.

ఇంతవరకూ బాగానే ఉన్నది. ఇక నా మొదటి సంతకం.

లారీలో పెట్టెలు దిగిన రోజున ప్రధానోపాధ్యాయుడు నన్ను పిలిచి, ‘పండితులవారూ, మీ చేతివ్రాత బాగుంటుంది, మీరే వ్రాయండి’ అని స్వీకృతిపత్రం నా ముందు పెట్టారు. నేను జాబితా చూసి పెట్టెలు లెక్కపెట్టి, ‘అన్నీ సక్రమంగా అందినవి’ అని గుండ్రని అక్షరాలతో వ్రాసి సంతకం చేశాను.

వారం తిరిగాక తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వచ్చి, ‘సార్, దాంట్ల తెలుగు వస్తలేదు’ అన్నాడు. వెళ్ళి చూశాను. అక్షరాలు రావలసిన చోట ఖాళీ డబ్బాలు వరుసగా నిలబడి ఉన్నాయి.

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుండీ చోటున్నది. ఆ యంత్రాలలో ఉన్న విండోస్ ఎక్స్‌పీకి తెలుగు వచ్చును, గౌతమి అనే ఖతి కూడా దానితోనే వస్తుంది. కాని ఆ సదుపాయం తనంతట తాను మేలుకోదు. భాషల అమరికలోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, అది అడిగినప్పుడు అసలు సీడీని అందించాలి. ఒక్కొక్క యంత్రానికి కొద్ది నిమిషాల పని. దానిని ఎవరూ చేయలేదు. చేయమని ఏ కాగితంలోనూ లేదు గనుక చేయలేదు.

మా అలంకారశాస్త్రంలో శబ్దానికి మూడు శక్తులు చెబుతారు. అభిధ, లక్షణ, వ్యంజన. మాటకున్న నేరుగా అర్థమిచ్చేది అభిధ, పొరుగు అర్థాన్ని అందుకొనేది లక్షణ, పైకి చెప్పకనే స్ఫురింపజేసేది వ్యంజన. ‘తెలుగు బడికి కంప్యూటర్లు’ అంటే తెలుగు వచ్చే కంప్యూటర్లని నాకు స్ఫురించింది. కాని టెండరు పత్రంలో అభిధ ఒక్కటే చెల్లుతుంది. వ్రాసినదే వస్తుంది, వ్రాయనిది రాదు. ఎంత జ్ఞాపకశక్తి, ఎంత వేగం, ఎన్ని కుర్చీలు, ఎన్ని ఫ్యానులు అని మా జాబితాలో అన్నీ ఉన్నాయి. భాష అనే వరుస లేదు. వ్రాసినవారిని నిందించబోయి ఆగాను. నలభై ఎనిమిదేళ్ళ తెలుగు పండితుణ్ణి, జాబితా చదివి కూడా ఆ లోటును పట్టుకోలేకపోయాను. తెలుగు లేని పెట్టెలను ‘సక్రమంగా అందినవి’ అని చక్కని తెలుగులో ధ్రువీకరించినవాణ్ణి నేనే.

ఆ లోటును తీర్చినది కంపెనీ పంపిన బోధకురాలు. ఆమె డిగ్రీ చదివిన పల్లెటూరి అమ్మాయి. మూడు వేలకు లోపు జీతం, అదీ నెలనెలా వచ్చేది కాదు. ఎక్కడినుండో సీడీ సంపాదించి, రెండు సాయంత్రాలు బడి విడిచాక కూర్చుని అన్ని యంత్రాలకూ తెలుగు అమర్చింది. నేను కాగితం ముక్కలపై అక్షరాలు వ్రాసి మీటలకు అతికించాను. ఆ పిల్లవాడు మొదట తన పేరు కొట్టలేదు, వాళ్ళ అమ్మ పేరు కొట్టాడు. ఒత్తు సరిగా కూర్చున్నప్పుడు గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో సంతకం ఆ అమ్మాయి కోసమే చేశాను. అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

మూడు నెలలకొకసారి ‘యంత్రములన్నియు పనిచేయుచున్నవి’ అని బడి ధ్రువపత్రం ఇవ్వాలి. దానినిబట్టి వాయిదా విడుదలవుతుంది. మూడో ఏడు వచ్చేసరికి మా గదిలో నాలుగు యంత్రాలు చచ్చిపడి ఉన్నాయి. కరెంటు కోతలకోసం ఇచ్చిన జనరేటరుకు డీజిలు లేదు. నేను ఉన్నదున్నట్లు వ్రాయబోతే ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

‘సార్, పనిచేస్తలేవని రాస్తే కంపెనీకి పైసలు కోస్తరు. వాళ్ళు మా జీతం ఆపుతరు. ఇప్పటికే మూడు నెలలాయె సార్.’

‘అట్లాగని అబద్ధం వ్రాయమంటావా అమ్మా?’ అన్నాను.

ఆమె ఏమీ మాట్లాడలేదు. నేను సంతకం చేశాను. ప్రధానోపాధ్యాయుడూ చేశారు. ఆపైన ప్రతి మూడు నెలలకూ చేస్తూనే వచ్చాము. దస్త్రంలో ఆ గది నిత్యకల్యాణం పచ్చతోరణంగా వెలిగింది. కింద పిల్లలు ఒక్కొక్క యంత్రం ముందు ముగ్గురు చొప్పున, తరువాత అయిదుగురు చొప్పున కూర్చున్నారు. జాలితో చేసిన సంతకమని నన్ను నేను సమర్థించుకొన్నాను. కాని ఆ జాలి ఖరీదును చెల్లించినది నేను కాదు, ఆ పిల్లలు.

2013లో అయిదేళ్ళ గడువు ముగిసింది. యంత్రాలు బడి సొత్తయ్యాయి. రాష్ట్రమంతటా బోధకులు ఇంటిముఖం పట్టారు, మా అమ్మాయి కూడా. ఒప్పందంలో యంత్రాల అప్పగింతకు ఒక షరతున్నది గాని, నేర్పే మనిషి తరువాత ఏమవుతాడన్నదానికి వరుస లేదు. తాళంచెవి నా చేతికి వచ్చింది. ఆ తాళం నేను తీసిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఇన్నేళ్ళలో కొన్ని మంచి మార్పులు రాకపోలేదు. 2009 నవంబరులో కేంద్రం ఎలక్ట్రానిక్ పాలనలో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని ప్రకటించింది. మా యంత్రాలు కొన్నాక ఏడాదికి వచ్చిన మాట అది. తక్కువ ధర చెప్పినవాడికే పని ఇవ్వాలన్న నియమం కూడా కొంత సడలింది. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన సూచనల ప్రకారం నాణ్యత ముఖ్యమైన కొన్ని కొనుగోళ్ళలో ధరతోపాటు నాణ్యతకూ, గరిష్ఠంగా నూటికి ముప్పై చొప్పున, మార్కులు వేయవచ్చు. ఇప్పుడు ప్రభుత్వ బడులలోకి కృత్రిమ మేధ పాఠాలు వస్తున్నాయి. నాకు సంతోషమే. అయినా ఎవరైనా మాస్టారు ముందు అటువంటి పత్రం పెడితే నా అనుభవంగా రెండు మాటలు చెబుతాను.

మొదటిది, ఏ పిల్లల కోసం కొంటున్నారో ఆ పిల్లల భాషను జాబితాలో ఒక వరుసగా వ్రాయించండి. స్ఫురిస్తుందిలే అనుకోవద్దు. రెండోది, నిజం చెప్పినందువల్ల అందరికంటే కింద ఉన్న మనిషికి దెబ్బ తగిలేటట్లుంటే ఆ ఒప్పందంలో నిజం ఎన్నటికీ పైకి రాదు. యంత్రం ఆగితే కోత కంపెనీ లాభంలో పడాలి, బోధకుల జీతం దాని జోలికి రాకుండా వేరుగా ఉండాలి. ఆ ఒక్క షరతు ఉండి ఉంటే ఆ అమ్మాయి నా బల్ల దగ్గర అట్లా నిలబడవలసి వచ్చేది కాదు.

సాయంత్రం తిరిగి వస్తూ చూస్తే ఆ తెరలు సగానికి తగ్గాయి. కొట్టువాడు సుత్తితో ఒకదానిని పగలగొట్టి లోపలి రాగితీగ చుట్టను తీస్తున్నాడు. ‘ఏం సార్, కావాల్నా?’ అని అడిగాడు. వద్దన్నాను. అతడు రాగిని త్రాసులో వేసి, ముల్లు నిలిచేదాకా ఆగి, ఉన్న తూకం ఉన్నట్లు చీటీపై వ్రాసుకొన్నాడు.