సాక్ష్యం అడిగిన రోజు

2024 ఫిబ్రవరిలో, షాబాన్ మాసపు ఒక ఉదయం, ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి అమెరికా నుండి నా మేనకోడలు ఫోను చేసింది. మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో స్థిరపడి, ఆ దేశ పౌరసత్వం పొందిన అమ్మాయి. "మామూ, ఈ 27న ప్రైమరీ ఎన్నిక ఉంది. ఎవరికీ ఓటు వేయబుద్ధి కావడం లేదు. ఇంట్లోనే ఉండిపోతే గునాహ్ అవుతుందా?" అని అడిగింది.

నేను తడుముకోలేదు. ఓటు ఒక సాక్ష్యం, ఒక సిఫారసు, ఒక వకాలత్ అని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహ్) వివరించిన విషయాన్ని ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధిస్తున్నాను. సాక్ష్యాన్ని దాచకూడదు కనుక వెళ్లి ఓటు వేయమన్నాను. ఇద్దరూ నచ్చనప్పుడు తక్కువ కీడును ఎంచుకోవాలన్న 'అహ్వనుల్ బలియ్యతైన్' సూత్రాన్నీ వినిపించాను.

"ఇద్దరెక్కడ మామూ? ట్రంప్ ఈ బ్యాలెట్ మీద లేడు కదా!" అన్నది.

అప్పుడు గాని నాకు సంగతి బోధపడలేదు. మన దేశంలో అభ్యర్థిని పార్టీ పెద్దలు నిర్ణయిస్తారు. అక్కడ నవంబరు ఎన్నికకు ముందే, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో సాధారణ ఓటర్లే చెబుతారు. డెమొక్రటిక్ బ్యాలెట్ మీద బైడెన్, డీన్ ఫిలిప్స్, మేరియన్ విలియమ్సన్ పేర్లతో పాటు 'ఎవరికీ కట్టుబడలేదు' అని తెలిపే గడి కూడా ఉందట. గాజా యుద్ధంలో బైడెన్ వైఖరికి నిరసనగా ఆ గడిని నింపమని అక్కడ చాలామంది కోరుతున్నారు. ఆమె పొరుగింటి వారి బంధువులు గాజాలోనే ఉన్నారు.

నేను బదులిచ్చిన ప్రశ్న ఒకటి, ఆమెను అడుగుతున్న ప్రశ్న మరొకటి. ఖాజీ అడిగిన దానికే కదా సాక్షి జవాబు చెప్పాలి! 'ఇద్దరిలో ఎవరు మేలు' అన్నది నవంబరు ప్రశ్న. 'మీ పేరున నిలబడటానికి ఇతడు తగునా' అన్నది ఫిబ్రవరి ప్రశ్న. ఒకే మనిషి ఈ రెండింటికీ నిజాయితీగా వేర్వేరు జవాబులు ఇవ్వవచ్చు. అయితే ఫిబ్రవరిలో చెప్పిన 'తగడు' నవంబరులో ప్రత్యర్థికి బలమవుతుందేమోనన్న భయం ఆమెకుంది. ఆ భయం నిరాధారమని నేను అనలేకపోయాను.

"తొందరపడి మాట్లాడానమ్మా" అని ఒప్పుకున్నాను. పాఠం చెప్పేవాడికి ఆ మాట అంత తేలికగా నోట రాదు. సాక్షి తాను స్వయంగా ఎరిగినదే చెప్పాలి; అక్కడి మనుషులను ఎరిగినది ఆమె, నేను కాను. ఇస్తిఖారా చేసుకుని నిర్ణయించుకోమన్నాను.

బైడెనే సులభంగా గెలిచాడు. లక్షకు పైగా ఓటర్లు మాత్రం ఆ గడినే నింపారు. రాష్ట్రానికి కేటాయించిన 117 మంది ప్రతినిధులలో వారికి దక్కినవారు ఇద్దరే. తాను దేన్ని నింపిందో అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నవంబరుకు ముందు మళ్లీ ఫోను చేసింది. అప్పటికి బైడెన్ పోటీ నుండే తప్పుకున్నాడు. కమలా హారిస్, ట్రంప్, మరికొందరు బరిలో ఉన్నారు. సలాములయ్యాక ఈసారి నేనే ముందుగా అడిగాను: "నిన్ను ఏమని అడుగుతున్నారమ్మా?"